మందు లేకుండా మిగిలిన సూది

డ్రై నీడ్లింగ్ అంటే వెంట్రుకలా సన్నగా ఉండే ఉక్కు సూదిని, మందేమీ ఎక్కించకుండా, నొప్పికి మూలమైన కండరంలోకి దించి తీసే చికిత్స. మెడో భుజమో నడుమో నెలల తరబడి పట్టేసి బాధపడేవారికి ఫిజియోథెరపిస్టులు దీన్ని చేస్తుంటారు. సూది చూస్తే ఆక్యుపంక్చర్‌దే. పద్ధతి మాత్రం పుట్టింది ఇంజెక్షన్ నుంచి.

నొప్పి ఉన్నచోటే సూది గుచ్చడం పాత సంగతే. 7వ శతాబ్దపు చైనా వైద్యుడు సున్ సిమియావో, నొక్కితే రోగి ‘అమ్మో’ అనేచోట గుచ్చమని రాశాడు. పాశ్చాత్య వైద్యంలో విలియం ఆస్లర్ 1892 నాటి తన పాఠ్యగ్రంథంలో నడుము పట్టుకి దాదాపు ఇదే చెప్పాడు: మూడు నాలుగు అంగుళాల సూదులు నొప్పి ఉన్నచోట గుచ్చి, అయిదు పది నిమిషాలు ఉంచి తీయాలి; ఆడవాళ్ల టోపీ సూదులైనా శుద్ధిచేసి వాడవచ్చు. అంతకుముందు మాంట్రియల్లో చక్కెర వ్యాపారి పీటర్ రెడ్‌పాత్‌కి ఆయన ఈ వైద్యం చేసిన ఉదంతాన్ని జీవితచరిత్రకారుడు హార్వీ కుషింగ్ చెబుతాడు. గుచ్చిన ప్రతిసారీ ఆ పెద్దమనిషి తిట్లు లంకించుకుని, నొప్పి తగ్గకుండానే కుంటుకుంటూ వెళ్లిపోయాడట. తగ్గివుంటే విశ్వవిద్యాలయానికి పెద్ద విరాళం వచ్చేదని ఆస్లర్ బాధ.

ఇప్పటి చికిత్సకు అసలు పునాది 1938లో లండన్‌లో పడింది. జాన్ కెల్‌గ్రెన్ అనే యువవైద్యుడు గాఢమైన ఉప్పునీటిని కండరాల్లోకి ఎక్కించి, నొప్పి ఎక్కడెక్కడ తెలుస్తుందో గుర్తించాడు. పిరుదు కండరంలో ఎక్కిస్తే నొప్పి కాలిలోకి పాకింది. నొప్పి ఒకచోట, దాని మూలం ఇంకోచోట ఉండవచ్చని దీంతో రుజువైంది. ఆ మూలంలో మత్తుమందు ఎక్కిస్తే దూరాన ఉన్న నొప్పి కూడా తగ్గడం ఆయన చూశాడు.

ఈ దారిని విశాలం చేసినది న్యూయార్క్ వైద్యురాలు జానెట్ ట్రావెల్. కండరంలో చేతికి తగిలే బిగుతు పోగును, అందులో నొక్కితే ఓర్వలేని బిందువును ఆమె ‘ట్రిగ్గర్ పాయింట్’గా ప్రచారంలోకి తెచ్చి, వాటిలో ప్రొకెయిన్ అనే మత్తుమందు ఇంజెక్షన్ ఇచ్చేది. 1955 నుంచి ఆమె వైద్యం పొందిన జాన్ కెన్నెడీ, అమెరికా అధ్యక్షుడయ్యాక 1961లో ఆమెను తన వైద్యురాలిగా నియమించుకున్నాడు. వైమానిక దళ వైద్యుడు డేవిడ్ సైమన్స్‌తో కలిసి ఆమె రాసిన ట్రిగ్గర్ పాయింట్ల గ్రంథం మొదటి సంపుటం 1983లో వచ్చింది.

ఇంతకీ పనిచేస్తున్నది మందా, సూదా? ఈ అనుమానం 1940లలోనే మొదలైంది. ఉప్పునీరు ఎక్కించినా, ఏమీ ఎక్కించకుండా పొడిచినా ఉపశమనం ఉంటోందని 1947లో వైద్య పత్రిక ‘లాన్సెట్’లో పాలెట్ అనే వైద్యుడు రాశాడు. గట్టిగా తేల్చి చెప్పినవాడు ప్రాగ్ వైద్యుడు కారెల్ లెవిట్. 1979లో 241 మంది రోగుల్లో 312 నొప్పి స్థానాలను పరిశీలించి, సూది సరిగ్గా పడితే దాదాపు 87 శాతం చోట్ల నొప్పి అప్పటికప్పుడే తగ్గిందన్నాడు. పోల్చి చూడటానికి మరో బృందం లేని లెక్క ఇది. అయినా ఖాళీ సూదికి వైద్యరంగంలో గౌరవం తెచ్చింది.

అక్కడి నుంచి దారులు చీలాయి. కెనడాలోని వాంకూవర్‌లో చాన్ గన్, మూలం వెన్ను దగ్గరి నరాల్లో ఉందంటూ అక్కడి కండరాల్లోనూ సూదులు దించాడు. ఇంగ్లండ్‌లో పీటర్ బాల్డ్రీ, మెడ కింది కండరంలో లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి తగులుతుందేమోనని పైపైన గుచ్చి చూశాడు. దానికే నొప్పి తగ్గడంతో 5 నుంచి 10 మిల్లీమీటర్ల లోతునే పద్ధతిగా చేసుకున్నాడు. లోతుగా గుచ్చేవారు ఎదురుచూసేది వేరు. వేళ్లతో బిగుతు పోగును పట్టుకుని సూది పైకీ కిందికీ ఆడిస్తుంటే, సరైన బిందువు తగలగానే కండరం టక్కున అదురుతుంది. ఆ అదురు ఉన్నప్పుడే ఫలితం బాగుంటుందని 1994లో హాంగ్ అనే పరిశోధకుడు చూపాడు. మందుతో చేసినా, మందు లేకుండా చేసినా ఫలితం ఒకటేనట. కాకపోతే ఖాళీ సూది తర్వాత సలుపు ఎక్కువ.

ఆక్యుపంక్చర్‌తో తగవు ఇంకా నడుస్తోంది. ట్రిగ్గర్ పాయింట్లలో 71 శాతం ఆక్యుపంక్చర్ బిందువులతో కలుస్తాయని 1977లో మెల్జాక్ బృందం అంది; ఆ లెక్క తప్పని తర్వాత స్టీఫెన్ బర్చ్ వాదించాడు. అమెరికాలో డ్రై నీడ్లింగ్ చేసేందుకు ఫిజియోథెరపిస్టులకు 1984లోనే మేరీలాండ్ అనుమతినిస్తే, కాలిఫోర్నియా ఒప్పుకోలేదు. ట్రిగ్గర్ పాయింటన్నదే నిరూపణ కాలేదనే క్వింట్నర్, కోహెన్ వంటి విమర్శకులూ ఉన్నారు.

అధ్యయనాల్లో కొద్ది వారాల ఉపశమనమే ఎక్కువగా కనిపిస్తోంది. పైగా వాటిలో చాలావరకు చిన్నవి. సూది దిగిందో లేదో రోగికి తెలియకుండా పరీక్ష చేయడం కష్టం. అందుకే దీన్ని వ్యాయామానికి తోడుగా వాడటం మామూలు. గుచ్చినచోట సలుపు, కమిలిన మచ్చ తరచూ ఉండేవే. ఛాతీ, భుజం పైభాగాల్లో సూది లోతు తప్పితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి ప్రాణం మీదికి రావచ్చు. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.