పోడు అడవిని చంపుతుందనే మాట ఎక్కడిది?

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పోడు కొట్టేవాళ్లే అడవిని నాశనం చేస్తారనే మాట మనం వింటూనే ఉంటాం. సైన్సు తేల్చేసినట్టే చెబుతారు. దాని చరిత్ర చూద్దాం.

రైలు పట్టాల కింద వేయడానికి బ్రిటిషోళ్లకు కలప కావాలి. 1864లో జర్మనీ వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్‌ను అటవీ శాఖకు పెద్దగా పెట్టారు. 1878 అటవీ చట్టం, 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. రిజర్వు అడవిలో పోడు నేరమైంది. 1922లో మన్యం తిరగబడటానికి ఈ ఆంక్షలూ ఒక కారణం.

అసలు సంగతి ఇక్కడుంది. అదే బ్రాండిస్ 1856 నుంచి బర్మా టేకు అడవులు చూసేవాడు. అక్కడి కరెన్ జనం పోడు కొట్టి వరి వేస్తే, ఆ చేలోనే వాళ్లతో టేకు నాటించాడు. వాళ్లు వేరే చోటికి పోయాక టేకు తోట మిగిలేది. 'టాంగ్యా' అనే ఆ పద్ధతి చాలా దేశాలకు పాకింది. ఆ పేరూ బర్మా మాటే, కొండ చేను అని అర్థం.

అంటే పోడు సర్కారు టేకుకు పనికొస్తే శాస్త్రం, మన జొన్నకైతే నేరం!

బీడు వదిలే ఏళ్లు తగ్గితే నేల సారం పోతుంది, నిజమే. కానీ తిరిగే అడవికి గీత గీస్తే ఆ ఏళ్లు తగ్గవా? మనకు జరిగింది చారిత్రక అన్యాయమని 2006 అటవీ హక్కుల చట్టమే ఒప్పుకుంది. పోడు గురించి ఎవరైనా అడిగితే ఈ సగం కథ కూడా చెప్పండి.