ముప్పావు అంగుళం ఆవిరి

మండవల్లి చుట్టుపక్కల లేత్ షెడ్లకు పని కొరత ఉండదు. చేపల చెరువుల ఏరియేటర్ల షాఫ్టులు అరుగుతాయి, నీటి పంపుల బుష్షులు వదులవుతాయి, ట్రాక్టరు పిన్నులు విరుగుతాయి. అన్నీ లేత్ మీదికే రావాలి. మా పెరట్లో రేకుల షెడ్డు కింద ఉన్నది అంత పెద్ద మిషను కాదు, బల్ల మీద పట్టేది. దాని మీద మూడేళ్లుగా, ఆదివారం ఆదివారం, ఒక ఆవిరి ఇంజను చేస్తున్నాను. జానెడు ఎత్తుంటుంది. సిలిండరు లోపలి కొలత ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్లు.

చూడవచ్చినవాళ్లు ముందు అడిగేది ‘బొమ్మా?’ అని. పెద్ద ఇంజనును చూసి ఎవరో చిన్నది చేసుకున్నారని అందరి లెక్క. చరిత్ర తిరగేస్తే చాలాచోట్ల ముందు పుట్టింది చిన్నదే.

గనుల్లో నీళ్లు తోడటానికి ఇంగ్లండులో న్యూకమెన్ ఇంజను 1712లోనే వచ్చింది. విద్యార్థులకు చూపించడానికి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో దాని నమూనా ఒకటి ఉండేది. అది సరిగా నడవడం లేదని 1763-64 చలికాలంలో బాగుచేయమని జేమ్స్ వాట్‌కు ఇచ్చారు. అతను అక్కడ కొలత పరికరాలు చేసే పనివాడు. బాగుచేశాక కూడా పిస్టన్ నాలుగు పోట్లు పొడిచి ఆగిపోయేది, బాయిలరులో ఆవిరంతా అయిపోయేది. ఎందుకంటే కొలతలన్నీ సగం చేస్తే సిలిండరు లోపలి చోటు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, గోడల వైశాల్యం నాలుగో వంతు దగ్గరే ఆగుతుంది. అంటే పట్టే ఆవిరికి చల్లటి గోడ రెట్టింపు తగులుతుంది. ప్రతి పోటుకూ సిలిండరును నీళ్లతో చల్లార్చి మళ్లీ వేడిచేయడంలోనే ఆవిరి చాలామటుకు వృథాపోతోందని వాట్‌కు ఆ నమూనా దగ్గరే తెలిసింది. పెద్ద ఇంజన్లూ అలాగే బొగ్గు తినేవి. గని ఒడ్డున బొగ్గుకు కరువు లేదు కాబట్టి ఎవరికీ పట్టలేదు. లోపాన్ని పెద్దది దాచింది, చిన్నది బయటపెట్టింది.

ఆవిరిని చల్లార్చే పని వేరే గదిలో జరగాలన్న ఆలోచన 1765లో వచ్చింది. దాన్ని పరీక్షించడానికి వాట్ సిలిండరుగా వాడింది ఒక ఇత్తడి సిరంజి. ఒకటిముప్పావు అంగుళాల వ్యాసం, పది అంగుళాల పొడవు. తర్వాత వందేళ్లు లోకాన్ని తిప్పిన ఇంజను మొదట ఆ సిరంజిలో కదిలింది.

అయితే ఆలోచన వేరు, గుండ్రటి రంధ్రం వేరు. వాట్ పేటెంటు 1769లో తీసుకున్నా ఆవిరి తప్పించుకోని సిలిండరు ఎవరూ చేసివ్వలేకపోయారు. పిస్టన్ పక్కనుంచి ఆవిరి బుసకొట్టేది. ఫిరంగులు తొలిచే జాన్ విల్కిన్సన్ 1775లో దారి చూపాడు. టూల్ బిగించిన కడ్డీని సిలిండరులోంచి దూర్చి రెండు చివర్లా ఆనించాడు. ఒక చివరే ఆనితే కడ్డీ వంగుతుంది, రెండు చివర్లా ఆనితే దాదాపు వంగదు. విషయం అంతే. దాంతో తొలిచిన 50 అంగుళాల సిలిండరులో ఎక్కడా పాత షిల్లింగు నాణెం మందాన్ని మించి తేడా లేదని వాట్ భాగస్వామి బౌల్టన్ రాశాడు. నా దృష్టిలో ఆవిరి యుగం పుట్టింది ఆ రంధ్రంలోనే.

ఆ రంధ్రాన్ని నేనూ తొలిచాను కాబట్టి చెప్పగలను. సిలిండరుకు అజ్జరం పోత కావాలనిపించింది. గంటలు, బిందెలు పోసే ఆ ఊరి చేతుల మీద నమ్మకం. పాత పంపు బుష్షుల గన్‌మెటల్ తీసుకెళ్లి పోయించుకొచ్చాను. పోత పైపొరలో ఇసుక గింజలుంటాయి, అవి టూల్ మొనను తినేస్తాయి. అందుకని మొదటి కోత భయపడకుండా లోతుగా పట్టి, పొర కిందికి దిగాలి. నాలుగు దవడల చక్‌లో బిగించి, డయల్ ముల్లు చూసుకుంటూ నడిమధ్యకు తేవడానికే ఒక పూట పట్టింది. ఆపైన కోత కోతకీ లోతు తగ్గించుకుంటూ వచ్చాను. గన్‌మెటల్ రజను పసుపు పొడిలా రాలి కాగితం మీద పోగుపడుతోంది. నాకు లేత్ నేర్పిన పెద్దాయన పక్కనే స్టూలు మీద కూర్చున్నారు.

“అబ్బాయ్, చివరి కోతలో మధ్యలో మిషను ఆపకు. ఆపితే గీత పడుద్ది, ఆ గీతలోంచే ఆవిరి పోద్ది” అన్నారు.

“ఎంత పట్టమంటారు బాబాయ్?”

“పట్టకు. ఉన్న లోతుమీదే ఇంకోసారి పోనీ. కడ్డీ వంగినంత మేర అదే కోసుకుంటది.”

టూల్ ముందుకు జరపకుండానే సన్నటి రజను రాలింది. కడ్డీ వంపు గురించి విల్కిన్సన్ పడిన బాధే అది, 19 మిల్లీమీటర్లలో. ఆ సాయంత్రం నూనె రాసిన పిస్టన్ను సిలిండరులో వేసి అడుగున వేలు అడ్డం పెట్టాను. పిస్టన్ కిందికి జారలేదు, గాలి మీద నిలిచింది. వేలు తీశాను, టప్పున కిందపడింది. ఆ చప్పుడు కోసం ఇంకో మూడేళ్లయినా పనిచేస్తాను.

తిప్పి చెక్కడం తెలుగు నేలకు కొత్త కాదు. లేత్‌కు మన నిఘంటువుల్లో తరిమెన అన్న మాటే ఉంది. ఏటికొప్పాక లక్క బొమ్మలు అంకుడు కర్రను అలా తిప్పి తీసినవే. అక్కడ ఉలి మనిషి చేతిలో ఉంటుంది. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే టూల్‌ను చేతిలోంచి తీసి ఇనుప బండి మీద బిగించి, మర చుట్లతో జరిపే పద్ధతిని స్థిరపరిచాడు. ఇంట్లో ఒక్కడే కూర్చుని ఇంజను చేయగలిగే రోజులకు పునాది పడింది అక్కడ.

ముప్పావు అంగుళం నేను కనిపెట్టిన కొలత కాదు. వాట్ కంపెనీలో పనిచేసిన విలియం మర్డాక్ 1784లో రెడ్రూత్‌లో తన ఇంట్లో చేసిన చిన్న ఆవిరి బండి సిలిండరు ముప్పావు అంగుళమే. రైలింజనుకు తాత లాంటిది అది. తర్వాత రైలింజను నడిపిన ట్రెవితిక్ ఆ పక్క ఊరివాడే, అతనూ ముందు నమూనాలే చేశాడు.

మన దేశం మాట మరువకూడదు. శ్రీరాంపూర్ క్రైస్తవ మిషనరీల కాగితం మిల్లుకు 1820లో ఇంగ్లండు నుంచి ఆవిరి ఇంజను వచ్చింది. దాన్ని చూసి టిటాగఢ్ కమ్మరి గోలోక్ చంద్ర, దొరల సాయం లేకుండా, తనే ఒక ఇంజను చేశాడు. 1828లో కలకత్తా ప్రదర్శనలో దానికి 50 రూపాయల బహుమతి ఇచ్చారు. మన పాఠ్యపుస్తకాల్లో వాట్ ఉన్నచోట ఆ కమ్మరి పేరూ ఉండాలి.

వినోదంగా, చదువుగా చిన్న ఇంజన్లు చేసే ఈ పని వ్యాపించింది 1898 తర్వాత. ఆ ఏడాది లండన్‌లో పెర్సివల్ మార్షల్ ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక మొదలుపెట్టాడు. 1906లో స్టూవర్ట్ టర్నర్ కంపెనీ పుట్టింది. పోతలూ బొమ్మగీతలూ కలిపి అమ్మితే కొన్నవాళ్లు ఇంట్లో లేత్ మీద చెక్కుకునేవారు. ఆ కంపెనీ 10వి రకం ఇంజను సిలిండరూ, పోటూ రెండూ ముప్పావు అంగుళమే. నా ఇంజనుకు మూలం ఆ కొలతలు.

ఇక మన డెల్టా. 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్ట పనితో ధవళేశ్వరంలో వర్క్‌షాపులు వెలిశాయి, గోదావరి మీద స్టీమర్లు తిరిగాయి. 1890లలో ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రైలు నడిచింది. గుడివాడ-భీమవరం లైను 1928లో పడ్డాక మా మండవల్లికీ ఆవిరి కూత వినబడింది. మనవాళ్లు వలసవెళ్లిన రంగూను బియ్యం మిల్లుల్లో ఊక మండించి ఆవిరి ఇంజన్లు తిప్పేవారు. అక్కడ చెమటోడ్చినవాళ్లలో మన కోస్తా కూలీలు వేలల్లో ఉన్నారు. మన మిల్లుల్లోనూ ఆవిరి తర్వాత ఆయిల్ ఇంజను, ఆపైన కరెంటు మోటారు వచ్చాయి. ఇప్పుడు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో ఊక బాయిలరు మిగిలింది గానీ, దానితో తిరిగే ఇంజను కనబడదు. బ్రాడ్‌గేజ్ మీద రోజువారీ ఆవిరి రైళ్లు 1995తో ఆగిపోయాయి.

నా ఇంజను ఇంకా ఆవిరి మీద తిరగలేదు. పంక్చరు షాపు కంప్రెసర్ గాలితో తిప్పి చూశాను, తిరిగింది. బాయిలరు రాగిది, నడిచే ఒత్తిడికి రెట్టింపు ఒత్తిడి మీద నీళ్లతో పరీక్షించాకే నిప్పు పెడతాను.

తర్వాతిది మన మిల్లు ఇంజనే చేయాలని ఉంది. ఇంగ్లండు ఇంజన్లకు గీసిన కాగితాలున్నాయి, మన మిల్లుల్లో తిరిగినవాటికి కొలతలే దొరకడం లేదు. మీ ఊళ్లో మూతపడ్డ మిల్లులో పాత ఆవిరి ఇంజను ఇంకా ఉంటే, తుక్కు బండి వచ్చేలోపు ఒక టేపు, ఒక పలక తీసుకెళ్లి కొలతలు రాసిపెట్టండి. ఫ్లైవీల్ వ్యాసం, సిలిండరు వ్యాసం, పోటు పొడవు, ఈ మూడూ చాలు.