బాపట్ల పార్లమెంటు: ఒక్క ఓటర్ల జాబితాలో కారంచేడు, చుండూరు, ఈదుముడి



పోయిన భాగంలో పూనా ఒప్పందం దగ్గర ఆగాం. చాలామంది విద్యార్థులు ఇన్‌బాక్సులో అడిగింది ఒకటే: "1932 సరే అన్నా, అది మా ఊళ్లో ఎట్లా పనిచేస్తుందో చెప్పండి" అని. అందుకని ఈసారి మా వైపుకే వస్తున్నాను. వేమూరు, రేపల్లె, బాపట్ల, చీరాల, పర్చూరు, అద్దంకి, సంతనూతలపాడు. ఈ ఏడు అసెంబ్లీలు కలిస్తే బాపట్ల పార్లమెంటు నియోజకవర్గం. ఏడింటిలో వేమూరు, సంతనూతలపాడు ఎస్సీ రిజర్వుడు. పార్లమెంటు సీటు కూడా ఎస్సీ రిజర్వుడే, 2009 ఎన్నికల నుంచి.

ఆ మధ్య క్లాసులో 'మాలపల్లి' పాఠం చెబుతూ మధ్యలో ఆపి, వేమూరు వైపు నుంచి వచ్చే నలుగురు పిల్లల్ని లేపాను. మీ ఎమ్మెల్యే ఎవరంటే నలుగురూ ఒక్కసారే చెప్పారు. మీ ఎంపీ ఎవరంటే నిశ్శబ్దం. చివరికి ఒక అబ్బాయి, "ఎవరో పోలీసాయన సార్" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్లల్లో ఇద్దరిది చుండూరు మండలం. వాళ్లకు రక్తక్షేత్రం తెలుసు, అక్కడ ఎవరెవర్ని పూడ్చారో తెలుసు. తమ పేరున పార్లమెంటులో కూర్చున్నదెవరో తెలియదు. ఇందులో పిల్లల తప్పు లేదు. ఎంపీ ఓటంటే మన పల్లెల్లో రెండో ఓటు. మొదటి మిషన్ మీద నొక్కిన గుర్తునే రెండో దాని మీద నొక్కి బయటికి వస్తారు.

ఈ నియోజకవర్గం మ్యాపు ఒకసారి దళితుడి కళ్లతో చూడండి. పర్చూరు సెగ్మెంటులో కారంచేడు ఉంది. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. తాగే నీళ్ల చెరువును పశువుల కుడితితో పాడుచేయొద్దని ఒక మాదిగ స్త్రీ అడ్డుపడటం దగ్గర మొదలైంది అది. వేమూరు సెగ్మెంటులో చుండూరు ఉంది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని పొలాల్లో వెంటాడి నరికి, గోనె సంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. తెనాలి సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీటుకు తగలడం దానికి మొదలు. కాలు తగిలినందుకు ఊరు ఊరంతా సాంఘిక బహిష్కరణ పెట్టింది. ఇక సంతనూతలపాడు సెగ్మెంటులో ఈదుముడి ఉంది. 1994 జూలైలో మాదిగ దండోరా పుట్టిన ఊరు. అంటే గత నలభై ఏళ్ల తెలుగు దళిత రాజకీయాన్ని మలుపు తిప్పిన మూడు ఊళ్లూ ఇవాళ ఒకే ఎంపీకి ఓటేస్తున్నాయి. దేశంలో ఇంత బరువైన రిజర్వుడు సీట్లు ఎన్ని ఉంటాయో నాకైతే అనుమానమే.

ఇప్పుడు ఈ సీటు చరిత్రలోకి వెళ్దాం.

ఎమర్జెన్సీ తర్వాతి 1977 ఎన్నికల్లో దేశమంతా ఇందిరను ఓడిస్తే, ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెస్‌కే ఇచ్చింది. బాపట్ల అందులో ఒకటి. పి. అంకినీడు ప్రసాదరావు గెలిచారు, 1980లో మళ్లీ గెలిచారు. 1984లో తెలుగుదేశం గాలికి చిమటా శంభు, 1989లో కాంగ్రెస్ తిరిగొచ్చి సలగల బెంజమిన్. ఇంతవరకు మామూలు ఆంధ్ర రాజకీయమే. ఒకసారి అటు, ఒకసారి ఇటు.

అసలు కథ 1991 నుంచి. ఆ ఏడాది గెలిచింది తెలుగుదేశం అభ్యర్థి దగ్గుబాటి వెంకటేశ్వరరావు, ఎన్టీఆర్ అల్లుడు. ఆయన సొంతూరు కారంచేడు. 1999లో గెలిచింది సినీ నిర్మాత డి. రామానాయుడు, తెలుగుదేశం. ఆయనదీ కారంచేడే. 2004లో గెలిచింది దగ్గుబాటి పురందేశ్వరి, కాంగ్రెస్. మెట్టినిల్లు కారంచేడు. పార్టీలు మారాయి, ఊరు మారలేదు. వెంకటేశ్వరరావు తండ్రి చెంచురామయ్య కారంచేడు కేసులో ముద్దాయి, 1989లో నక్సలైట్లు ఆయన్ని చంపారు. తండ్రి మీదున్న కేసును కొడుకు మీద, కోడలి మీద రుద్దడం న్యాయం కాదు, నేనా పని చేయను. నేనడిగేది వేరు. ఊచకోత జరిగిన ఊళ్లోని బాధితులు చీరాలకు పారిపోయి గుడారాల్లో బతికారు, అక్కడే విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు, మళ్లీ సొంతూరికి పోలేదు. అదే ఊరి పెద్ద కుటుంబాలు మాత్రం అదే పేరుతో మూడుసార్లు పార్లమెంటుకు వెళ్లాయి. ఒక ఊరి నుంచి రెండు దారులు. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008 డిసెంబర్‌లో వచ్చింది. అంటే ఇరవై మూడేళ్లు. ఈలోపు ఆ సీటుకు ఎన్ని ఎన్నికలు జరిగాయో పైన ఉంది, లెక్కపెట్టుకోండి.

మధ్యలో 1996లో ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు గెలిచారు. 1998లో ఎవరు గెలిచారో చూడండి. నేదురుమల్లి జనార్దనరెడ్డి. నెల్లూరు జిల్లా వాకాడు నుంచి వచ్చి బాపట్లలో నిలబడి గెలిచారు. చుండూరు జరిగిన రోజున ఈ రాష్ట్రానికి ముఖ్యమంత్రి ఆయనే. 144 సెక్షన్ ఉండగా, ఊళ్లో పోలీసులు ఉండగా ఆ హత్యలు జరిగాయి. ఆ పోలీసు శాఖ నడిచిన ప్రభుత్వానికి అధిపతి ఆయన. ఏడేళ్లు తిరక్కుండానే పొరుగు సీటు ఆయన్ని ఢిల్లీకి పంపింది. పొరుగు సీటు అని ఎందుకంటున్నానంటే, అప్పటికి చుండూరు బాపట్లలో లేదు. వేమూరు అప్పుడు తెనాలి పార్లమెంటు కింద ఉండేది. ఆ తెనాలి 1996లో నటి శారదను, 1998లో హైదరాబాద్ నుంచి వచ్చిన పి. శివశంకర్‌ను పంపింది. చుండూరు ఓటు చుండూరు గురించి మాట్లాడే మనిషిని ఎన్నుకునే పరిస్థితి ఏ రోజూ రాలేదు. 1994లో బీఎస్పీ రాష్ట్రమంతా పోటీచేసి ఒక్క సీటూ గెలవలేదు. ఉద్యమం వీధిలో గెలిచింది, బ్యాలెట్ పెట్టెలో ఓడిపోయింది. ఆ ఓటమి మీద మన పెద్దలు ఇప్పటికీ సరిగా మాట్లాడరు. నాకు దొరికిన ఉద్యమ వ్యాసాల్లో హత్యాకాండ గురించి వంద పేజీలుంటే ఓటమి గురించి రెండు పేరాలుంటాయి.

తర్వాత డీలిమిటేషన్. 2008లో అమల్లోకి వచ్చిన ఆ పునర్విభజన తెనాలి పార్లమెంటు సీటును ఎత్తేసింది. వేమూరును బాపట్లలో కలిపింది, రెండింటినీ ఎస్సీలకు రిజర్వు చేసింది. ఇంకోవైపు నెల్లూరు పార్లమెంటు జనరల్ అయింది. నెల్లూరులో మూడుసార్లు గెలిచిన పనబాక లక్ష్మి సీటు కోసం వెతుక్కుంటూ 2009లో బాపట్ల వచ్చి, తెలుగుదేశం అభ్యర్థి మాల్యాద్రి శ్రీరామ్ మీద గెలిచారు. కేంద్రంలో సహాయమంత్రిగా కొనసాగారు. 2014లో అదే మాల్యాద్రి శ్రీరామ్ వైసీపీ అభ్యర్థి వరికూటి అమృతపాణి మీద సుమారు 32 వేల ఓట్లతో గెలిచారు. 2019లో వైసీపీ నందిగం సురేష్‌ను తెచ్చింది. ఆయనది రాజధాని ప్రాంతంలోని ఉద్దండరాయునిపాలెం. మెజారిటీ 16 వేలు. 2024లో తెలుగుదేశం రిటైర్డ్ ఐపీఎస్ అధికారి తెన్నేటి కృష్ణప్రసాద్‌ను నిలబెట్టింది. మెజారిటీ 2 లక్షల 8 వేలు. మా క్లాసు అబ్బాయి చెప్పిన "పోలీసాయన" ఈయనే.

2014 దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. చుండూరు కేసు కోసం అట్రాసిటీ చట్టం కింద ప్రత్యేక కోర్టును ఆ ఊళ్లోనే పెట్టించుకున్నారు బాధితులు. ఎంత పోరాడితే వచ్చిందో అది. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. అప్పటికి పోలింగుకు పదిహేను రోజులే ఉంది. మే 7న మన దగ్గర ఓట్లు పడ్డాయి. రిజర్వుడు పార్లమెంటు, రిజర్వుడు అసెంబ్లీ, అన్ని ప్రధాన పార్టీల నుంచీ దళిత అభ్యర్థులే. ప్రచారమంతా రాష్ట్ర విభజన, రుణమాఫీ, రాజధాని. ఎనిమిది శవాల కేసు కొట్టేసిన తీర్పు ఆ పదిహేను రోజుల్లో ఎన్నికల అంశం కాలేదు. ఎందుకు కాలేదు?

అభ్యర్థులు చెడ్డవాళ్లని కాదు. లెక్క అట్లా ఉంది. ఎస్సీ ఓటర్లే సగానికి మించి ఉన్న సెగ్మెంటు ఈ ఏడింటిలో ఒక్కటీ లేదు. అభ్యర్థులందరూ ఎస్సీలే కాబట్టి ఎస్సీ ఓటు చీలుతుంది, మిగతా కులాల ఓటు తీర్పు చెబుతుంది. చుండూరు తీర్పు మీద నోరు తెరిచిన అభ్యర్థి మిగతా ఊరి గడపల్లో ఓటు అడగలేడు. బాబాసాహెబ్ ప్రత్యేక నియోజకవర్గాలు కావాలన్నది సరిగ్గా ఈ కారణానికే. కమ్యూనల్ అవార్డులో 71 సీట్లు, పూనా ఒప్పందంలో 148. సంఖ్య రెట్టింపయింది, ఎన్నుకునే చెయ్యి మాత్రం మనది కాకుండా పోయింది. కాన్షీరామ్ 1982లో 'చంచా యుగం' అని పుస్తకమే రాశారు. ఆ మాట మన నాయకుల్ని తిట్టడానికి వాడుకుంటున్నాం గానీ, ఆయన తిట్టింది మనుషుల కంటే ముందు ఆ ఏర్పాటును.

ఇక వేమూరు. ఈ చిన్న సీటు చరిత్ర ఇంకా స్పష్టంగా మాట్లాడుతుంది. జనరల్‌గా ఉన్న రోజుల్లో ఇక్కడ గెలిచిన యడ్లపాటి వెంకట్రావు వ్యవసాయ మంత్రి అయ్యారు. 1983లో ఇక్కడ గెలిచిన నాదెండ్ల భాస్కరరావు 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను దింపి 31 రోజులు ఏకంగా ముఖ్యమంత్రి అయ్యారు. 1994, 1999లో గెలిచిన ఆలపాటి రాజేంద్రప్రసాద్, సీటు రిజర్వు కాగానే 2009లో పక్కనే ఉన్న తెనాలికి వెళ్లారు. ఆ తర్వాత వేమూరులో నక్కా ఆనందబాబు, మేరుగ నాగార్జున. 2009, 2014 ఆనందబాబువి, 2019 నాగార్జునది, 2024 మళ్లీ ఆనందబాబుది. ఇద్దరూ మంత్రులయ్యారు. 2017లో తెలుగుదేశం ప్రభుత్వంలో ఆనందబాబుకు వచ్చిన శాఖ సాంఘిక సంక్షేమం. 2022లో వైసీపీ ప్రభుత్వంలో నాగార్జునకు వచ్చిన శాఖ సాంఘిక సంక్షేమం. జెండాలు వేరు, కుర్చీ ఒకటే. 2024లో ఇదే పార్లమెంటు పరిధి నుంచి ఇద్దరు మంత్రులయ్యారు. రెవెన్యూ రేపల్లెకు, విద్యుత్తు అద్దంకికి. రెండూ జనరల్ సీట్లు.

సాంఘిక సంక్షేమం చిన్న శాఖ అని నేననను. నేను చదువుకున్నది ఆ హాస్టల్ అన్నం తినే. కానీ భూమి రికార్డులు ఉండేది రెవెన్యూలో. కృష్ణా ఆనకట్ట నీళ్లు వచ్చినప్పటి నుంచి ఈ డెల్టాలో భూమే అధికారం, ఆ నీళ్లు పారే మళ్లలో మనవాళ్లు కూలీలు, ఇప్పుడు కొందరు కౌలుదార్లు. భూమి ఉన్న శాఖ మన సీటుకు రాదు.

ఇంకో సంగతి. 2024లో వైసీపీ మేరుగ నాగార్జునను వేమూరు నుంచి తీసి సంతనూతలపాడులో నిలబెట్టింది, ఆయన అక్కడ ఓడిపోయారు. వేమూరుకు వరికూటి అశోక్‌బాబును తెచ్చింది. రిజర్వుడు ఎమ్మెల్యేల్ని టీచర్ల బదిలీల్లాగా ఊరు మార్చే పద్ధతి ఇది. జనరల్ సీట్లలోనూ బదిలీలు జరిగాయి, కాదనను. కానీ సొంత ఊళ్లో సొంత బలం కూడగట్టుకోవడానికి ఒక దళిత నాయకుడికి పదేళ్లు పడుతుంది. పదో ఏడు రాగానే వేరే ఊరికి పంపితే ఇక ఆయన ఎవరి మీద ఆధారపడాలి?

ఈ వ్యాసం కోసం చుండూరు వైపు నుంచి వచ్చే విద్యార్థినికి ఒక పని అప్పజెప్పాను. మీ పల్లెలో పెద్దవాళ్లను ఎంపీ అంటే ఏం గుర్తొస్తుందో అడిగి రాసుకురా అని. తెనాలి దాటగానే వచ్చే ఆ చిన్న రైల్వే స్టేషన్ నుంచి రోజూ కాలేజీకి వచ్చే పిల్ల. వారం తర్వాత నోట్‌బుక్ తెచ్చింది. రోడ్డు, పింఛను, గుర్తులు, పార్టీల పేర్లు రాసి ఉన్నాయి. చివర ఒక ముసలమ్మ మాట రాసింది. ఆమె జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న అడిగిందట:

"మా కేసు సుప్రీంకోర్టులో ఏమైందో ఆ ఎంపీకి తెలుసా అమ్మాయ్?"

వచ్చే భాగం: ఈదుముడి.