తుపాకి నోరు - మందుగుండు వెచ్చము

తుపాకి వెల నొక్కమారే చెల్లింతుము. దాని మేత వెల యేండ్ల తరబడి చెల్లింపవలెను. గొట్టపు వెడల్పు నిర్ణయించువాడు తన బొక్కసమును గూడ కొలుచుకొనుచున్నాడు. "పన్నెండు బోరు" అనగా నేమి? ఒక పౌను సీసమును పండ్రెండు సమానమైన గుండ్లుగా పోసినచో, అందొక గుండు పట్టునంతటి గొట్టము. ఆయుధము పేరే పద్దు! గుండు అడ్డుకొలత రెట్టింపైన బరువు ఎనిమిది రెట్లగునని బడిలో పిల్లలకు బంకమట్టి యుండలతో చూపెడివాడను. మందు వెచ్చమును దాని వెంటనే పెరుగును.

1565 లో రాక్షసతంగడి యుద్ధమున నిజాంషాహీ సేనలోని రూమీఖాను ఫిరంగులలో రాగిడబ్బుల సంచులు కూరి, దగ్గరనుండి పేల్చెనని ఫిరిస్తా వ్రాసెను. రొక్కమునే గుండ్లుగా పేల్చుట దుబారా యని కొందరందురు. నాకట్లు తోపదు. మీదికి వచ్చు గుంపును ఒక్క పెద్ద గుండుకంటె చెదరిపడు నాణెములే యెక్కువగా కూల్చును. ఓడినచో బొక్కసమున మిగిలిన డబ్బు శత్రువునిదే కదా!

ఆ యుద్ధములో ఓడిన విజయనగరమునకు పిమ్మట పెనుగొండ రాజధాని యయ్యెను. ధర్మవరమునుండి హిందూపురమునకు రైలులో పోవువారు ఆ కొండను చూచియే యుందురు. 1589 లో గోలకొండ సుల్తాను మహమ్మదు కులీ కుతుబుషా దానిని ముట్టడించెను. వేంకటపతిరాయలు సంధి మాటలు నడపగా సుల్తాను సేనను వెనుకకు తీసెను. మూడు దినములలో కోటలోనికి సంభారములు చేరెను. నాలుగవనాడు జగదేవరాయడు మొదలగువారు 30,000 మంది తుపాకీదారులతో లోన జొచ్చిరని గోలకొండ చరిత్రకారుడే చెప్పుచున్నాడు. సంఖ్యలో అతిశయోక్తి యుండవచ్చును. ఐనను, వచ్చినది తుపాకీదారులగుట గమనింపదగినది. ముట్టడిలోని కోటకు మందు మరల దొరకదు. పెద్ద ఫిరంగి యొక్కమారు మ్రింగు మందుతో చేతితుపాకి వందలకొలది మార్లు పేలును. తుదకు వర్షములకు కృష్ణ పొంగునను భయముతో సుల్తాను ముట్టడి విడిచి మరలెను.

ఇదే లెక్క నడుమున దోపుకొను రివాల్వరుకును వచ్చినది. మొదటి ప్రపంచ యుద్ధమున బ్రిటిషు సేన వాడిన 0.455 అంగుళపు వెబ్లీ గుండు 265 గ్రెయినులు తూగును. పౌను సీసమునకు ఇరువదియారు గుండ్లు. 1932 లో స్వీకరించిన 0.38 అంగుళపు ఎన్‌ఫీల్డు గుండు 200 గ్రెయినులు, పౌనుకు ముప్పదియైదు. ఈ మార్పునకు సీసపు పొదుపు ముఖ్య కారణము కాదు. పెద్దగుండు పేల్చినపుడు రివాల్వరు చేతిని వెనుకకు తన్నును. కొద్దిదినములు మాత్రమే నేర్చిన సిపాయికి గురి కుదరదు. చిన్నగుండుతో గురి త్వరగా కుదురును, దెబ్బయు చాలునని సేనాధికారులు తలచిరి. దెబ్బ నిజముగా చాలునా యను వాదము మాత్రము తరువాతను సాగెను.