ఎలుకలు 16 ఏళ్ల ముందే చెప్పాయి

పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేకపోతే మన దగ్గర ముందు ఎవరిని అడుగుతారు? అమ్మాయినే కదా. టెస్టులూ ఆమెకే, మొక్కులూ ఆమెకే. కానీ ఈ రోజు నేను చెప్పబోయే కథలో కారణం మగవాళ్లు పనిచేసే ఫ్యాక్టరీలో దొరికింది.

1977. అమెరికాలో, కాలిఫోర్నియాలోని లాత్రప్ అనే ఊరు. అక్కడి ఆక్సిడెంటల్ కంపెనీ ప్లాంట్‌లో డీబీసీపీ అనే పురుగుమందు పని జరిగేది. మట్టిలో ఉండి మొక్కల వేళ్లను పాడుచేసే నులిపురుగుల్ని చంపే మందు అది. అక్కడి కార్మికులు మాటల్లో మాటగా ఒకటి గమనించారు: తమలో చాలామందికి ఈ మధ్య పిల్లలే పుట్టలేదు!

డాక్టర్ డొనాల్డ్ వోర్టన్ బృందం వాళ్లను పరీక్షించింది. వాసెక్టమీ చేయించుకోని 25 మందిలో 14 మందికి వీర్యకణాలు బాగా తక్కువ, లేదా అసలు లేవు. ఎక్కువ కాలం పనిచేసినవాళ్లకే ఎక్కువ నష్టం. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ మాత్రం నార్మల్‌గానే ఉంది. అంటే మనిషిని చూస్తే ఏ తేడా తెలీదు. అందుకే అన్నాళ్లు ఎవరికీ అనుమానం రాలేదు.

ఇప్పుడు అసలు విషయం వినండి. ఈ మందు పీల్చిన ఎలుకల వృషణాలు కుంచించుకుపోయాయని 1961లోనే సైన్స్ పత్రికలో అచ్చయింది! అయినా 16 ఏళ్లపాటు మనుషులు ఆ మందు మధ్యే పనిచేశారు.

1979లో అమెరికా, హవాయి అనాస తోటల్లో తప్ప, దాని వాడకం ఆపేసింది. కానీ లాత్రప్ సంగతి బయటపడ్డాక కూడా కోస్టారికా లాంటి దేశాల అరటి తోటలకు ఆ మందు వెళ్లింది. అక్కడి కూలీలు వేలమంది తర్వాత కోర్టుల చుట్టూ తిరిగారు.

పని మానేశాక కొందరికి వీర్యకణాలు మళ్లీ పెరిగాయి, కొందరికి ఎప్పటికీ రాలేదు. ల్యాబ్‌కి తెలిసిన నిజం కార్మికుడి దాకా చేరి ఉంటే ఎన్ని ఇళ్లల్లో ఉయ్యాలలు ఊగేవో!

కాబట్టి మీరు గానీ, మీ నాన్నగారు గానీ మందు కొట్టే పని, కెమికల్ పని చేస్తుంటే, డబ్బా మీద రాసింది చదవండి, డాక్టర్‌కి మీ పనేంటో చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.