రేనాడు

రేనాడు ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని వై.ఎస్.ఆర్. కడప జిల్లా పశ్చిమ భాగమునకు గల ప్రాచీన నామము. నేటి జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కమలాపురం, పులివెందుల ప్రాంతములు ఇందులో ముఖ్యమైనవి. తెలుగు భాషలో తొలి శాసనములు వెలసిన సీమగా ఇది ప్రసిద్ధి చెందినది. పరిపాలనా విభాగముగా రేనాడు ఏనాడో అంతరించినది. నేడు ఆ పేరుతో మండలము గాని, రెవెన్యూ డివిజను గాని లేదు. పొరుగున ఉన్న కోవెలకుంట్ల ప్రాంతమును కూడా జనవ్యవహారములో రేనాడు అంటారు.

భౌగోళికము

ఈ ప్రాంతమునకు జీవనాడి పెన్నా నది. కర్ణాటకలోని నంది కొండలలో పుట్టి అనంతపురం జిల్లా మీదుగా వచ్చే ఈ నది, చిత్రావతిని కలుపుకొని, గండికోట వద్ద ఎర్రమల కొండలను చీల్చుకొని లోతైన లోయలో ప్రవహిస్తుంది. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణములు నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్నాయి. ఉత్తరమునుండి కుందేరు, దక్షిణమునుండి పాపాఘ్ని వచ్చి పెన్నలో కలుస్తాయి. వేంపల్లె సమీపమున పాపాఘ్ని కొండలను దాటే చోటే గండి ఆంజనేయ క్షేత్రము.

ఉత్తర భాగములో నల్లరేగడి నేలలు విస్తారముగా ఉన్నాయి. దక్షిణాన పులివెందుల వైపు నేల మెట్ట. వర్షపాతము తక్కువ. కడప బండలుగా పేరు పొందిన నాపరాయి ఈ సీమలో సమృద్ధిగా లభిస్తుంది. జమ్మలమడుగు సమీపములోని నర్జి గ్రామము పేరును భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి సున్నపురాతి పొరకు పెట్టారు.

చరిత్ర

క్రీ.శ. 6వ శతాబ్దము నుండి రేనాటి చోళులు ఈ సీమను పాలించారు. వీరు తమను కరికాల చోళుని వంశీయులుగా చెప్పుకున్నారు. ఎర్రగుంట్ల మండలములోని కలమళ్ళ చెన్నకేశవాలయమున గల ధనంజయుని శాసనము సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితుల అభిప్రాయము. అంతకు పూర్వము ఆంధ్ర దేశములో శాసనములు ప్రాకృత, సంస్కృత భాషలలో వెలువడేవి. రేనాటి పాలకులు ప్రజల భాషను రాతికెక్కించారు. 7వ శతాబ్దపు చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ పేర్కొన్న చు-లి-యె దేశము రేనాడేనని కొందరు చరిత్రకారులు భావించారు.

రాష్ట్రకూటుల కాలములో పెన్న ఒడ్డున దానవులపాడు జైన క్షేత్రముగా వెలిగినది. విజయనగర కాలములో పెమ్మసాని నాయకులు గండికోట నుండి పాలించారు. 1650 ప్రాంతములో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా కోటను వశపరచుకున్నాడు. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ అతనిని ఇక్కడే కలిశాడు.

పరిపాలన

"రేనాటి ఏడువేలు" అనే పేరులోని అంకె గ్రామములను సూచిస్తుందా, ఆదాయమును సూచిస్తుందా అనే విషయములో ఏకాభిప్రాయము లేదు. విజయనగర కాలములో ఈ ప్రాంతము గండికోట సీమగా వ్యవహరింపబడినది. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తము చేశాడు. ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో (1800-1807) పాలెగాళ్ళను అణచి, రైతునుండి నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతిని అమలు చేశాడు. 1808లో కడప జిల్లా ఏర్పడినది. 1858లో కోవెలకుంట్ల తాలూకాను కర్నూలు జిల్లాలో చేర్చడంతో సీమ రెండు జిల్లాల మధ్య చీలినది.

1985లో తాలూకాల స్థానములో మండలములు వచ్చాయి. 2022లో పులివెందుల కొత్త రెవెన్యూ డివిజను అయినది. ప్రొద్దుటూరు మండలము జమ్మలమడుగు డివిజనులో ఉన్నది. ఈ మూడు పట్టణముల పేర గల శాసనసభా నియోజకవర్గములు కడప లోక్‌సభ స్థానము పరిధిలోనివి. ముఖ్యమంత్రులుగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి (2004-2009), వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి (2019-2024) పులివెందుల నుండి ఎన్నికైనవారు.

నీటి వనరులు, జీవనోపాధి

ప్రొద్దుటూరు పత్తి, బంగారు వ్యాపారములకు ప్రసిద్ధి. పులివెందుల ప్రాంతములో చీనీ, అరటి తోటలు ఎక్కువ. వేముల మండలములోని తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నది. ప్రొద్దుటూరు వైపు కర్నూలు-కడప కాలువ, జమ్మలమడుగు వైపు మైలవరం జలాశయము సాగునీరు ఇస్తాయి. గాలేరు-నగరి పథకము ద్వారా శ్రీశైలమునుండి కృష్ణా జలములు 26.85 టి.ఎం.సి.ల గండికోట జలాశయమునకు చేరుతాయి. అక్కడినుండి కొంత నీటిని ఎత్తిపోతల ద్వారా పులివెందుల వైపు చిత్రావతి జలాశయమునకు పంపుతారు. మెట్ట సీమకు నీరందించే గండికోట జలాశయము కొరకు కొండాపురం మండలములోని తాళ్ళప్రొద్దుటూరు మొదలైన గ్రామములు ముంపునకు గురయ్యాయి. 2020లో నీటి నిల్వ పెంచినపుడు ఆ గ్రామస్థులు పరిహారము, పునరావాసము కోరుతూ ఆందోళన చేశారు.