‘మన సొంత కారు’ అని ఆస్ట్రేలియా పాడుకున్న అమెరికన్ పాట

ఈసారి ఒక పాత టీవీ యాడ్ గురించి మాట్లాడుకుందాం. 1970ల్లో ఆస్ట్రేలియాలో హోల్డెన్ కార్లకి ఒక పాట వచ్చేది. ఫుట్‌బాల్, మీట్ పైలాగే హోల్డెన్ కూడా మనదే అని దాని సారాంశం. జనం తెగ పాడుకున్నారు. తమాషా ఏంటంటే, అది అమెరికాలో షెవర్లే కార్ల కోసం చేసిన పాట! అక్కడి బేస్‌బాల్, యాపిల్ పై తీసేసి ఇక్కడివి పెట్టారు, అంతే. రెండు బ్రాండ్లూ జనరల్ మోటార్స్‌వే కదా.

కారు కథ కూడా ఇలాంటిదే. హోల్డెన్ వాళ్లు మొదట్లో అడిలైడ్‌లో గుర్రపు జీన్లు చేసేవాళ్లు. తర్వాత, విదేశాల నుంచి వచ్చే ఛాసిస్‌లకి బాడీలు కట్టారు. 1931లో, ఆర్థిక మాంద్యం దెబ్బకి, జనరల్ మోటార్స్ చేతికి వెళ్లిపోయారు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ప్రభుత్వం దేశంలోనే తయారయ్యే కారు కావాలంది. సరిగ్గా అప్పుడు డెట్రాయిట్‌లో ఒక షెవర్లే డిజైన్ మూలన పడి ఉంది. అమెరికాకి మరీ చిన్నదని పక్కన పెట్టేశారు. అదే ఇక్కడికి పనికొచ్చింది! 1948 నవంబర్ 29న ప్రధాని బెన్ చిఫ్లీ దాన్ని విడుదల చేశారు. ధర 733 పౌండ్లు, అంటే మామూలు కార్మికుడికి ఏడాది జీతం కన్నా ఎక్కువే. అయినా కారుని చూడకముందే వేలమంది పేర్లు రాయించుకున్నారు. ప్రకటనల్లో ఏమని వేశారో తెలుసా? ‘ఆస్ట్రేలియా సొంత కారు’ అని.

దీన్ని మోసం అనలేను నేను. ఎందుకంటే అమెరికన్ కారుని ఉన్నదున్నట్టు తెస్తే ఏమవుతుందో 1960లో ఫోర్డ్‌కి అర్థమైంది. ఫాల్కన్ చూడ్డానికి సూపర్, కానీ అక్కడి గతుకుల మట్టిరోడ్ల మీద ముందు సస్పెన్షన్ తట్టుకోలేకపోయింది. పరువు పోయింది. బాగుచేసినా జనం నమ్మలేదు. చివరికి 1965లో మెల్‌బోర్న్ దగ్గర యూ యాంగ్స్ టెస్ట్ ట్రాక్ మీద కొన్ని ఫాల్కన్లని రాత్రీపగలూ తిప్పారు. అన్నీ కలిపి 70,000 మైళ్లు, సగటున గంటకి 70 మైళ్ల వేగం! కొన్ని పల్టీలు కూడా కొట్టాయి, లేపి మళ్లీ నడిపారు. యాడ్‌కి ఇంతకంటే ఏం కావాలి చెప్పండి?

అలాంటి ఫోర్డ్ కూడా 2016లో ఆస్ట్రేలియాలో కార్ల తయారీ ఆపేసింది. ఆఖరి హోల్డెన్ 2017 అక్టోబర్ 20న అడిలైడ్ పక్కనున్న ఎలిజబెత్ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. 2020లో ఆ బ్రాండ్‌నే తీసేస్తున్నట్టు జనరల్ మోటార్స్ ప్రకటించింది. ఆ కంపెనీ హెడ్ ఆఫీస్ ఇప్పటికీ డెట్రాయిట్‌లోనే ఉంది.